ఇంటి కరెంటు పొదుపు: మాట ఒకటే, లెక్కలు నాలుగు

కరెంటు పొదుపు చేయాలన్న మాట మీద ఎవరికీ తగాదా లేదు. తగాదా అంతా దేన్ని పొదుపు చేయాలన్న దగ్గరే. విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) అధికారిని అడిగితే సాయంత్రం ఆరు నుంచి పది మధ్య లోడు తగ్గాలంటాడు. ఇంటాయన బిల్లు తగ్గాలంటాడు. ఇంజనీరుకు యూనిట్లు తగ్గాలి. పర్యావరణం గురించి ఆలోచించేవారికి తగ్గాల్సింది బొగ్గు. పైకి చూస్తే నాలుగూ ఒకటేననిపిస్తుంది. కానీ వాషింగ్ మెషిన్ రాత్రి కాకుండా మిట్టమధ్యాహ్నం వేస్తే ఒక్క యూనిట్ కూడా తగ్గదు, సాయంత్రపు లోడు మాత్రం తగ్గుతుంది. డాబా మీద సౌర ఫలకాలు పెట్టుకుంటే బిల్లు పడిపోతుంది, వాడకం పెరిగినా పెరగొచ్చు. పై అంతస్తు పేరుతో రెండో మీటరు పెట్టించుకుంటే తగ్గేది బిల్లు ఒక్కటే.

యాభై ఏళ్లుగా సాగుతున్న ఈ చర్చ ఇంత చిక్కుపడటానికి కారణం ఇదే. ఒక్కో పక్షం ఈ నాలుగు ప్రశ్నల్లో ఒకదానికి జవాబు చెప్పి, మిగతా మూడింటికీ చెప్పేశాననుకుంటుంది. ఆ పక్షాలేమిటి, ఎవరి మాటలో ఎంత బలముంది, తెలుగు రాష్ట్రాల్లోని ఇళ్ల విషయంలో ఏవి ఇంకా తేలలేదు అన్నది ఇక్కడి పరిశీలన.

ముందు లెక్క చూద్దాం

వెయ్యి వాట్ల సామాను గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఈ ఒక్క సూత్రంతో ఇంట్లో ఏది ఎంత తింటోందో ఎవరైనా వేసుకోవచ్చు. విచిత్రమేమిటంటే మన అనుమానాలన్నీ తప్పు సామాను మీదే ఉంటాయి. ఫోను ఛార్జరు ప్లగ్గులో వదిలేశారని పిల్లల మీద కేకలేస్తాం. ఊరికే తగిలించి ఉన్న ఛార్జరు నెలంతా కలిపి యూనిట్‌లో ఐదో వంతు కూడా లాగదు. రోజూ ఫోను పూర్తిగా ఛార్జి చేసినా నెలకు ఒక యూనిట్ దాటదు. అదే రెండు వేల వాట్ల గీజరు రోజుకు అరగంట వేస్తే నెలకు 30 యూనిట్లు. ఏడాది పొడవునా ఫోనుకు పట్టే కరెంటు గీజరుకు పది రోజులకు సరిపోతుంది.

మిక్సీ మీద కూడా ఇలాంటి అపవాదే ఉంది. పెద్ద చప్పుడు చేస్తుంది కాబట్టి పెద్దగా తింటుందనుకుంటారు. రోజుకు పది నిమిషాలు పచ్చళ్లు, పిండ్లు రుబ్బినా నెలకు నాలుగు యూనిట్లు కాదు. చప్పుడు లేకుండా తినేవి వేరే ఉన్నాయి. పాత రకం సీలింగు ఫ్యాను 75 వాట్లది. మన ఎండలకు రోజుకు 15 గంటలు తిరుగుతుంది, నెలకు 34 యూనిట్లు. మూడు గదుల ఇల్లయితే బిల్లులో వంద యూనిట్లు ఫ్యాన్లవే. ఫ్రిజ్ వయసును బట్టి నెలకు 20 నుంచి 40. టీవీ కట్టేసినా వెలుగుతూనే ఉండే సెట్‌టాప్ బాక్సు పది వాట్లదైతే నెలకు ఏడు. బోరు మోటారు ఒక హెచ్‌పీది గంటకు దాదాపు ఒక యూనిట్. ట్యాంకు నిండి నీళ్లు కారిపోతున్నా ఎవరూ చూసుకోని ఇళ్లలో ఇదొక చిల్లు. ఇక ఏసీ. టన్నున్నర ఇన్వర్టరు రకం సగటున 800 వాట్లు లాగుతుందనుకుని, రాత్రికి ఎనిమిది గంటలు వేస్తే నెలకు 190 యూనిట్ల పైమాటే. అంటే ఒక్క పడకగది ఏసీ, మిగతా ఇల్లంతటితో సమానంగా తింటుంది.

ఈ అంచనా లోపం మన ఒక్కరిదే కాదు. 2010లో షాజీన్ అత్తారీ, ఆమె సహచరులు అమెరికాలో జరిపిన సర్వేలో జనం గృహోపకరణాల వాడకాన్ని సగటున 2.8 రెట్లు తక్కువగా ఊహించారు. పొదుపుకు ఏం చేయాలని అడిగితే ఎక్కువమంది చెప్పింది లైట్లు ఆర్పడం గురించే తప్ప మెరుగైన సామాను కొనడం గురించి కాదు. కంటికి కనపడే వెలుగును ఆర్పడం సులభం, కంటికి కనపడని వేడిని లెక్కపెట్టడం కష్టం.

చర్చలో దాదాపు ఎవరూ ఎత్తనిది వంటగది. 14.2 కిలోల గ్యాసు బండలో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానం. నెలన్నరకో బండ వాడే ఇంట్లో వంట పొయ్యి నెలకు 120 యూనిట్లంత శక్తిని ఖర్చుపెడుతోందన్నమాట. కందిపప్పు నానబెట్టడం, కుక్కరు వాడటం, గిన్నె మీద మూత పెట్టడం చాదస్తాలుగా కొట్టిపారేసేవి కావు. పొయ్యి ఇండక్షన్‌కు మారితే మేలా అన్నదానికి ఒక్కమాటలో జవాబు లేదు. ఇండక్షన్ పొయ్యి వేడిని పెద్దగా వృథా చేయదు. కానీ బొగ్గు మండించి కరెంటు తీసేటప్పుడే మూడింట రెండొంతుల వేడి థర్మల్ కేంద్రం దగ్గర పోతోంది. మధ్యాహ్నం సౌర విద్యుత్తుతో వండితే ఒక జవాబు, రాత్రి ఏడింటికి వండితే ఇంకో జవాబు.

కొరత కాలం నాటి మాట

‘పొదుపు’ అన్న మాట మనకు కొరత నేర్పింది. 1973 చమురు సంక్షోభం తర్వాత దేశంలో ఇంధన పొదుపు ప్రభుత్వ విధానమైంది. పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం వచ్చింది, వత్తుల కిరోసిన్ స్టవ్‌లలో మెరుగైన ‘నూతన్’ ఇళ్లలోకి వచ్చింది. అప్పటి ప్రచారమంతా ‘దేశం కోసం తగ్గించుకోండి’ అన్న ధోరణిలో ఉండేది.

ఆ ధోరణిని మొదట ప్రశ్నించినవారిలో ఇద్దరిని చెప్పుకోవాలి. 1976లో అమోరీ లోవిన్స్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త కొత్త విద్యుత్కేంద్రాలు కట్టడం కన్నా ఉన్నదాన్ని మెరుగ్గా వాడటం చవక అని వాదించి అక్కడి ఇంధన రంగాన్ని కుదిపేశాడు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేసిన అమూల్య కుమార్ రెడ్డి ఇంకో అడుగు ముందుకు వేశారు. జనానికి కావలసింది యూనిట్లు కాదు, వెలుగు, చల్లదనం, నీళ్లు, ఉడికిన అన్నం. వాటిని లెక్కలోకి తీసుకుని ప్రణాళిక వేస్తే పేదల అవసరాలు తీర్చడానికి ఊహించినంత కరెంటు అక్కర్లేదని కర్ణాటకకు లెక్కకట్టి చూపించారు. తగ్గించుకోవడం, ఎదగడం ఒకదానికొకటి శత్రువులు కావన్నది ఆయన వాదన. దేశంలో తలసరి విద్యుత్ వినియోగం 2023-24లో 1,395 యూనిట్లు, ప్రపంచ సగటులో సగం కూడా లేదు. అలాంటి చోట ‘తగ్గించుకోండి’ అన్న మాట ఎవరితో అంటున్నామో చూసుకుని అనాలి.

కరెంటు మీద తెలుగునాట జరిగిన రాజకీయం వేరే పాఠం నేర్పింది. 1998 సంస్కరణల చట్టంతో విద్యుత్ బోర్డు విడిపోయింది, నియంత్రణ మండలి వచ్చింది, ఛార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఛార్జీల పెంపు వ్యతిరేక ప్రదర్శన మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే వై.ఎస్. రాజశేఖరరెడ్డి రైతుకు ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టారు. ఈ రెండు తేదీల మధ్య కరెంటు ధర అనేది ఆర్థికశాస్త్రం చేతిలోంచి జారి పూర్తిగా రాజకీయం చేతిలోకి వచ్చేసింది. తర్వాత ఏ ప్రభుత్వమైనా ఆ సంగతి మరిచిపోయి టారిఫ్ రాయలేదు.

2012-13 నాటి కోతలు చాలామందికి గుర్తే. ఊళ్లలో గంటల కొద్దీ కరెంటు ఉండేది కాదు, పరిశ్రమలకు పవర్ హాలిడేలు, ఇళ్లలో ఇన్వర్టర్లు. అప్పుడు పొదుపంటే ఉన్నదాన్ని అందరికీ పంచడం. ఇప్పుడు మధ్యాహ్నం సౌర విద్యుత్తు పుష్కలం, చీకటి పడితే కటకట. కొరత రూపం మారింది, ప్రచార నినాదం మాత్రం మారలేదు.

సామాను మార్చమనేవారు

మొదటి పక్షం వాదన సూటిగా ఉంటుంది. మనుషుల్ని మార్చలేం, వస్తువుల్ని మార్చగలం. 2001 ఇంధన పొదుపు చట్టం కింద మరుసటి ఏడాది బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. 2006లో నక్షత్రాల లేబుల్ మొదలై, 2010 నాటికి ఏసీలకు, ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లకు తప్పనిసరైంది. సీలింగు ఫ్యానుకు తప్పనిసరి కావడానికి 2023 దాకా పట్టింది. ప్రతి ఇంట్లోనూ ఉండేది ఫ్యాను, కొందరి ఇళ్లలోనే ఉండేది ఏసీ. ముందు ఎవరి సామానుకు నక్షత్రాలు వచ్చాయో చూస్తే విధానాలు రాసేవారి ఇళ్లు ఎలా ఉంటాయో తెలుస్తుంది.

ఈ పక్షం గర్వంగా చెప్పుకునేది ఎల్‌ఈడీ కథ. 2014-15లో గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్లో పాత ఫిలమెంటు బల్బులు ఇచ్చి పది రూపాయలకో ఎల్‌ఈడీ తీసుకెళ్లే పథకం నడిచింది. 2015 జనవరిలో దేశవ్యాప్తంగా మొదలై తర్వాత ‘ఉజాలా’ అని పేరు పడిన పథకం 36 కోట్లకు పైగా బల్బుల్ని పంచింది. ఒకేసారి కోట్లలో కొనడంతో బల్బు సేకరణ ధర 2014లోని 310 రూపాయల నుంచి 2016 నాటికి 38కి పడిపోయింది. 60 వాట్ల బల్బు స్థానంలో 9 వాట్లది వస్తే, రోజుకు ఐదు గంటల వాడకానికి నెలకు ఏడున్నర యూనిట్లు మిగిలినట్టే. ఎవరూ అలవాటు మార్చుకోలేదు, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు.

మరి ఇదే పద్ధతి అంతటా పనిచేస్తుందా? ఇక్కడే పాత చిక్కుముడి. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ బ్రిటన్ బొగ్గు గురించి రాస్తూ, ఆవిరి యంత్రాలు మెరుగైన కొద్దీ బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని ఎత్తిచూపాడు. చవకైన కొద్దీ ఎక్కువ వాడతారన్నది తేలిక సూత్రమే. 1980 తర్వాత ఆర్థికవేత్తలు దీన్ని ‘రీబౌండ్’ పేరుతో మళ్లీ తవ్వి తీశారు. ఇంటి సామాను విషయంలో గట్టి ఆధారం మెక్సికో నుంచి వచ్చింది. అక్కడ ప్రభుత్వం పాత ఫ్రిజ్‌లు, ఏసీలు తీసుకుని సబ్సిడీ మీద కొత్తవి ఇచ్చింది. 2014లో వెలువడిన డేవిస్, ఫుక్స్, గెర్ట్‌లర్‌ల పరిశీలనలో ఫ్రిజ్ మార్చిన ఇళ్లలో వాడకం 8 శాతం తగ్గింది. అది ముందు వేసిన అంచనాలో పావు వంతే. ఏసీ మార్చిన ఇళ్లలో వాడకం పెరిగింది. కొత్త ఏసీ చవకగా నడుస్తుందని ఎక్కువసేపు వేసుకున్నారు.

అలాగని జెవన్స్ మాటను అన్నిటికీ తగిలించడం కూడా తప్పే. ఎల్‌ఈడీ వచ్చిందని ఎవరూ పగలు లైట్లు వేసుకోరు. గదికో ఫ్యాను తిరుగుతోంది, తక్కువ కరెంటుతో నడిచే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లకే తిరుగుతుందని ఇంకోటి బిగించుకోరు. అవసరం నిండిపోయిన చోట మెరుగైన సామాను పొదుపవుతుంది. అవసరం ఇంకా నిండని చోట, అంటే చల్లదనం దగ్గర, అది సౌఖ్యంగా మారిపోతుంది. మన దేశంలో ఇంకా పదింట ఒక ఇంటికి అటూఇటుగా మాత్రమే ఏసీ ఉంది. మే నెలలో ఉక్కపోతకు నిద్రపట్టక దొర్లే కుటుంబం మొదటిసారి ఏసీ వేసుకుంటే దాన్ని ‘రీబౌండ్’ అని నష్టం ఖాతాలో రాయడం నాకు సబబుగా తోచదు. అది ఇన్నాళ్లు తీరకుండా ఉన్న అవసరం.

మనిషి మారాలనేవారు

రెండో పక్షానికి పునాది వేసింది అమెరికాలోని న్యూజెర్సీలో ట్విన్ రివర్స్ అనే కాలనీ. 1970ల్లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు అక్కడ అచ్చు ఒకేలా కట్టిన ఇళ్లను పోల్చారు. ఒక ఇంట్లో ఇంకో ఇంటికి రెట్టింపు ఇంధనం ఖర్చయింది. పాతవాళ్లు ఖాళీ చేసి కొత్తవాళ్లు దిగితే వాడకం కూడా మారింది. గోడలు, పొయ్యిలు అవే అయినప్పుడు తేడా మనుషుల్లోనే ఉండాలి.

మరి ఆ మనుషుల్ని మార్చడమెలా? కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో ఇరుగుపొరుగు సగటుతో పోలిక చూపించే ప్రయోగం చేశారు, ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఎక్కువ వాడేవారు తగ్గించారు. తక్కువ వాడేవారు ‘మనం మరీ తక్కువలో ఉన్నామే’ అనుకుని పెంచారు! మెచ్చుకోలుగా ఒక నవ్వు బొమ్మ గీస్తే ఆ పెరుగుదల ఆగింది. తర్వాత ఇదే పద్ధతిని అమెరికాలో లక్షల ఇళ్లకు పంపిన నివేదికల్లో వాడితే, సగటున తగ్గింది 2 శాతం. ఖర్చుతో పోలిస్తే మంచి ఫలితమే. నెలకు 150 యూనిట్లు వాడే మన ఇంటికి మాత్రం అది మూడు యూనిట్లు.

2022 అక్టోబరులో గుజరాత్‌లోని ఏక్తా నగర్‌లో మొదలైన, పర్యావరణహిత జీవనశైలిని కోరే ‘లైఫ్’ ఉద్యమం, ఏటా డిసెంబరు 14న జరిపే ఇంధన పొదుపు దినోత్సవం, బడిపిల్లల చిత్రలేఖనం పోటీలు ఈ దారిలోవే. వీటి మీద నాకున్న సందేహం ఒకటే. ఇంట్లో స్విచ్చి వేసేదొకరు, సామాను కొనేదొకరు, బిల్లు కట్టేదొకరు. ప్రచారం మొదటివారితో మాట్లాడుతుంది, ముఖ్యంగా ఆడవాళ్లతో, పిల్లలతో. ఫలానా కంపెనీ ఏసీ కొనాలా, ఎన్ని టన్నులది కొనాలి అన్న నిర్ణయం అయిపోయాక వారి చేతిలో మిగిలేది రిమోటు మాత్రమే.

ఆ రిమోటుకు కూడా విలువ లేకపోలేదు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం మిగులుతుందని బ్యూరో చెబుతుంది. 2020 జనవరి నుంచి వచ్చే స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్న నియమం పెట్టారు. మార్చుకునే స్వేచ్ఛ ఉంది, అయినా చాలామంది మార్చరన్నదే ఆశ. 2025 జూన్‌లో కేంద్రం ఏసీల పరిధిని 20 నుంచి 28 డిగ్రీల మధ్యకు కుదించే ఆలోచనను ప్రకటించినప్పుడు గగ్గోలు రేగింది. సలహాకు, ఆజ్ఞకు మధ్య జనం గీత ఎక్కడ గీస్తారో అప్పుడు బయటపడింది. 26 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకుంటే 22 అక్కర్లేదన్నది ఒంటికి తెలిసే సత్యమే. కానీ దాన్ని చట్టం చెబితే కోపమొస్తుంది, పక్కింటాయన చెబితే వింటాం.

ధరే చెబుతుందనేవారు

మూడో పక్షానికి ఉపన్యాసాల మీద నమ్మకం లేదు. ఎక్కువ వాడితే ఎక్కువ కట్టించు, దానంతటదే తగ్గుతుందంటుంది. స్లాబుల వెనకున్న తర్కమిదే. తమాషా ఏమిటంటే ఒకే తర్కాన్ని రెండు తెలుగు రాష్ట్రాలూ రెండు రకాలుగా అమలు చేశాయి.

2022-23 టారిఫ్ ఉత్తర్వుల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అందరికీ ఒకే మెట్ల వరుస. మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఎంత వాడేవారికైనా మొదటి 30 యూనిట్లు అదే ధర. తెలంగాణలో నెల మొత్తం వాడకాన్ని బట్టి ముందు వర్గం మారుతుంది. వంద లోపువారికి మొదటి 50 యూనిట్లు 1.95, తర్వాతివి 3.10. వంద దాటి 200 లోపువారికి మొదటి వంద 3.40, తర్వాతివి 4.80. 200 దాటితే మొదటి 200కూ 5.10, ఆపైన 300 దాకా 7.70.

ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకాలు పక్కనపెట్టి యూనిట్ల ధర మటుకే లెక్కేస్తే తేడా ఇట్టే కనిపిస్తుంది. ఆంధ్రలో 200 యూనిట్లకు 867 రూపాయలు, 201కి 873. తెలంగాణలో 200కి 820, 201కి 1,027.70. అంటే ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. ఆంధ్రలో 2022కు ముందు ఇలాంటి వర్గాలే ఉండేవి. ఒకటి మెట్టు, ఇంకోటి గోడ. మీటరు రీడింగు రెండు రోజులు ఆలస్యమైందంటే తెలంగాణ ఇళ్లలో గుండెలు ఎందుకు గుబగుబలాడతాయో ఈ లెక్కే చెబుతుంది.

గోడ మంచిదా, మెట్టు మంచిదా? గోడ దగ్గర జాగ్రత్త ఎక్కువ ఉంటుంది, కానీ దాటిన తర్వాత ‘ఎలాగూ పోయింది’ అన్న తెగింపు వస్తుంది. పైగా గోడను దాటకుండా ఉండటానికి అందరికీ తెలిసిన దారి ఫ్యాను ఆపడం కాదు, రెండో మీటరు. మెట్ల పద్ధతి న్యాయంగా ఉంటుంది, కానీ వాడేవాడికి అది కనపడాలి కదా. కొయిచిరో ఇటో 2014లో దక్షిణ కాలిఫోర్నియా బిల్లుల్ని విశ్లేషించి, జనం తాము ఏ మెట్టు మీదున్నారో చూసుకోరని, మొత్తం బిల్లును యూనిట్లతో భాగించినట్టు సగటు ధరకే స్పందిస్తారని తేల్చాడు. ఆంధ్రలో దీనికి ట్రూఅప్ ఛార్జీలు తోడయ్యాయి. ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు సర్దుబాటు వసూలు చేస్తే, ఈ నెల బిల్లు ఈ నెల ప్రవర్తన గురించి ఏం చెప్పగలదు? ధర ఒక సంకేతమనుకుంటే, ఆ సంకేతం మీద ఇన్ని చేతిరాతలు పడ్డాక చదవడం కష్టం.

ఇక ఉచితం. తెలంగాణ గృహజ్యోతి 2024 మార్చి నుంచి అర్హులైన తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు ఇస్తోంది. దాటితే మొత్తం బిల్లు కట్టాలి. కర్ణాటకలో అదే పేరున్న పథకం 2023లో ఇంకోలా మొదలైంది. 200 గరిష్ఠ పరిమితే అయినా, ఆ ఇంటి 2022-23 సగటు వాడకం మీద పది శాతం కలిపినంత వరకే ఉచితం. ఢిల్లీ 2019 ఆగస్టు నుంచే 200 యూనిట్లు ఉచితంగా ఇస్తూ, ఆపైన 400 దాకా రాయితీ కొనసాగించింది. కర్ణాటక పద్ధతి వాడకం ఉన్నచోటే ఉండమంటుంది. కానీ అంతకుముందు పొదుపుగా బతికినవాళ్లకు తక్కువ ఉచితం, ధారాళంగా వాడినవాళ్లకు ఎక్కువ ఉచితం. తెలంగాణ పద్ధతి సమానంగా ఇస్తుంది, కాకపోతే 90 యూనిట్లు వాడే ఇంటికి 190 దాకా వెళ్లకుండా ఆపే కారణమేదీ మిగల్చదు. ఉచితాన్ని దుబారా అని తిట్టేవారు, హక్కు అని సమర్థించేవారు ఇద్దరూ ఈ చిన్న తేడాల్లోకి దిగరు. అసలు ఫలితం ఉండేది వాటిలోనే.

ఈ పక్షం, మొదటి పక్షం ఒకచోట ఎదురుపడతాయి. బీఎల్‌డీసీ ఫ్యాను మామూలు ఫ్యాను కన్నా వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ. నెలకు 20 యూనిట్లు మిగిల్చి, యూనిట్ ఐదు రూపాయల చొప్పున ఏడాదిన్నర లోపే ఆ తేడా తీర్చేస్తుంది. జీరో బిల్లు ఇంట్లో మాత్రం ఎన్నేళ్లకూ తీర్చదు. అక్కడ మిగిలే డబ్బు ప్రభుత్వానిది. బిల్లు ఎవరు కడుతున్నారో వారే ఫ్యాను కొనాలన్నది ఇందులోంచి వచ్చే తార్కికమైన ముగింపు. మూడు ఫ్యాన్లు ఇస్తే నెలకు 60 యూనిట్ల సబ్సిడీ ఖజానాకు ఆదా. 2023లో కోటి ఫ్యాన్ల లక్ష్యంతో కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ ఒక కార్యక్రమం ప్రకటించింది గానీ, ఉచిత విద్యుత్ పథకాలకు ఫ్యాన్ల పంపిణీని ముడిపెట్టే ఆలోచన రాజకీయ వేదికల మీద వినపడదు. ఫ్యాను ఒకసారి ఇస్తే అయిపోతుంది, జీరో బిల్లు మీద బొమ్మ నెలనెలా పడుతుంది.

ఇల్లే ఏసీ అవుతుందా

నాలుగో పక్షం సామానునూ మనిషినీ వదిలి గోడల్ని, పైకప్పును చూస్తుంది. దాని మూల ప్రశ్న ‘ఎంత చాలు?’ అన్నది. గాంధేయ ఆర్థికవేత్త జె.సి. కుమారప్ప 1940ల్లోనే ఎంత కావాలన్న దానికన్నా ఎంత చాలన్న ప్రశ్న ముందు వేసుకోమన్నాడు. 2022లో వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ నివేదిక భవనాల అధ్యాయంలో ‘చాలినంత’ అన్న భావనను సామర్థ్యం కన్నా ముందు నిలబెట్టింది.

తెలుగు ఊళ్లలో ఈ మాట వినగానే మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు, మట్టిగోడలు గుర్తొస్తాయి. ఆ ఇళ్లు చల్లగా ఉండేవన్నది నిజమే. వాటికి స్థలం కావాలి, ఏటా పెంకులు సర్దే మనుషులు కావాలి, ఇంటి చుట్టూ చెట్లు కావాలి. 60 గజాల్లో మూడంతస్తులు లేపే కాలనీకి ఆ నమూనా పనికిరాదు. చౌకగా పనికొచ్చేది ఒకటుంది: డాబాకు తెల్ల సున్నం, లేదా ఎండను తిప్పికొట్టే పూత. గదిలో రెండు నుంచి నాలుగు డిగ్రీల వేడి తగ్గించగలదు. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో అయిదేళ్ల కూల్ రూఫ్ విధానం ప్రకటించి, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. ఎండకు ఎక్కువగా మాడేది రేకుల కప్పు కింద బతికేవాళ్లు. వాళ్ల ఇళ్లు 600 గజాల లోపే, అక్కడ అది ఐచ్ఛికం.

వాతావరణం కూడా ఒకే జవాబుకు ఒప్పుకోదు. నిజామాబాదు, కరీంనగర్ పొడి ఎండల్లో 150 వాట్ల కూలరు ఏసీ పనిలో చాలామటుకు చేసేస్తుంది. మచిలీపట్నం, విజయవాడల్లో గాలిలో తేమ అప్పటికే నిండి ఉండటంతో అదే కూలరు గదిని తడిపి వదులుతుంది. రెండు చోట్లా ఒకే కరపత్రం పంచడం కాగితానికి దండగ.

తేలని సంగతులు

మొదటిది, సౌర ఫలకాలను పొదుపు కింద లెక్కేయాలా? 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. ఆ ఫలకాలు నెలకు 300 యూనిట్లకు పైనే ఇస్తాయి. బొగ్గు లెక్కలో ఇది లాభం, మన దేశపు గ్రిడ్ కరెంటులో యూనిట్‌కు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి. సాయంత్రపు లోడు లెక్కలో సున్నా. సొంత డాబా, చేతిలో డబ్బు ఉన్నవాళ్లు ఎక్కువ ధర కట్టే స్లాబుల్లోంచి తప్పుకుంటే ఆ భారం ఎవరి మీద పడుతుందన్నది ఇంకా ఎవరూ మొహమాటం లేకుండా చర్చించలేదు.

రెండోది, వేళను బట్టి ధర. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన నియమాల ప్రకారం ఎండ ఉన్న గంటల్లో ధర తక్కువగా, పీక్ గంటల్లో ఎక్కువగా ఉండాలి. అందుకు స్మార్ట్ మీటర్లు కావాలి. ఆంధ్రలో వామపక్షాలు వాటిని గట్టిగా వ్యతిరేకిస్తున్నాయి, ముందు డబ్బు కట్టించుకునే మీటరు పేదవాడి ఇంట్లో చీకటికి దారి అని వారి భయం. భయాన్ని కొట్టిపారేయలేం. కూలి పనికి పోయి ఆరింటికి ఇల్లు చేరే మనిషి వంట, నీళ్లు, ఫ్యాను మధ్యాహ్నానికి జరుపుకోలేడు. వేళ మార్చుకోగలగడమే ఒక వెసులుబాటు, అది అందరికీ సమానంగా లేదు.

మూడోది అన్నిటికన్నా చిన్నదిగా కనిపిస్తుంది, నా దృష్టిలో అన్నిటికన్నా మొండిది. అద్దె ఇల్లు. హైదరాబాదు, విశాఖ, విజయవాడల్లో ఎంతమందో అద్దెకే ఉంటారు. ఫ్యాను ఇంటాయన బిగించాడు, కరెంటు అద్దెకున్నవాళ్లు కడతారు. ఎక్కువ ధర ఫ్యాను కొనడానికి ఆయనకు కారణం లేదు, పదకొండు నెలల అగ్రిమెంటుతో దిగినవాళ్లకు ధైర్యం లేదు. ఇళ్ల గోడలు, కప్పులు లోపలికి వదిలే వేడికి పరిమితి పెడుతూ 2018 డిసెంబరులో కేంద్రం ‘ఎకో నివాస్ సంహిత’ తెచ్చింది. అది కొత్తగా కట్టే భవనాలకు సంబంధించింది. ఇప్పటికే కట్టేసిన అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఫ్లాటు సంగతి చూడండి. డాబా అసోసియేషన్‌ది, పూతకు అందరూ తలా కొంత వేసుకోవాలి, వేడి మాత్రం ఆ ఒక్క ఫ్లాటుది. కింద ఉన్నవాళ్లు మీటింగులో చెయ్యెత్తరు. పైన అద్దెకున్నవాళ్లకు ఆ మీటింగులో ఓటే ఉండదు. వాళ్లు మే నెలలో ఏసీ వేసుకుంటారు, ఇక 201వ యూనిట్ దగ్గర లెక్క మళ్లీ మొదలవుతుంది.